ట్యాంకూ ప్రింటరూ ఒకే బల్ల మీద

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాత ఎప్సన్ 1390 కొన్నావట, దానికి ఇంకు ట్యాంకుల కిట్ పెట్టి ఇంట్లోనే ఫోటోలు వేసిస్తావట. చాలా సంతోషమేసింది తల్లీ. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని సొంత పని మొదలుపెట్టాలనుకోవడం తేలికైన విషయం కాదు. కానీ అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పింది. పిల్లాడు పాకుతున్నాడు కాబట్టి ట్యాంకులు వాడికి అందకుండా గోడ అలమర మీద పెడతావని. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అది మాత్రం చెయ్యకు. ఎందుకో చెబుతాను.

ముందు చిన్న విషయాలు. కిట్ కొనకముందే, ఉన్న కార్ట్రిడ్జ్‌లతో నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే పేజీ) కొట్టి చూడు. ఆరు రంగుల గీతలూ తెగకుండా రావాలి. హెడ్, అంటే ఇంకు చిమ్మే భాగం, పోయిన ప్రింటరుకు ఎంత మంచి కిట్ పెట్టినా దండగే. కిట్ కార్ట్రిడ్జ్‌ల మీద ఇంకు లెక్క చూసే చిప్‌లు వాటంతట అవే రీసెట్ అయ్యేవి అడుగు. చేతులకు గ్లౌజులు వేసుకో, కింద పాత పేపర్లు పరుచుకో.

ఇక అసలు సంగతి. హెడ్ అడుగున ఒక్కో రంగుకు 90 రంధ్రాలుంటాయి, వెంట్రుక కంటే సన్నవి. ఆ రంధ్రాల మూతి దగ్గర ఇంకు బయటికి ఉబ్బకూడదు. లోపలివైపు ఒక పిసరు లాగి పట్టినట్టు ఉండాలి. కంపెనీ కార్ట్రిడ్జ్ అయితే ఆ లాగుడు సంగతి దాని లోపలి కట్టడమే చూసుకుంటుంది. కిట్ పెట్టాక ఆ భారమంతా ట్యాంకు ఎత్తు మీద పడుతుంది. ట్యాంకులో ఇంకు మట్టం హెడ్ కంటే కొద్దిగా కిందుండాలి. అందుకే ట్యాంకును ప్రింటరు పక్కనే, అదే బల్ల మీద పెట్టమంటారు.

మట్టం ఒక సెంటీమీటరు మారితే ఒత్తిడి సుమారు 100 పాస్కల్స్ మారుతుంది. అలమర హెడ్ కంటే 30 సెంటీమీటర్లు పైనుంటే దాదాపు 3000 పాస్కల్స్ ఒత్తిడి ఆ సన్నని రంధ్రాల్లోంచి ఇంకును బయటికి తోస్తూ ఉంటుంది. మొదటి గంటలో ఏమీ కనపడకపోవచ్చు. హెడ్ అడుగు ఒకసారి తడిసిందంటే చాలు, డ్రమ్ములోంచి పైపు వేసి నీళ్లు లాగినట్టు రాత్రంతా కారుతూనే ఉంటుంది. ప్రింటరు ఆపేసినా కారుతుంది, దానికి కరెంటుతో పని లేదు.

ఇది మొదట నాజిల్ చెక్‌లో బయటపడుతుంది. పసుపు గీతలు ఆకుపచ్చగానో నారింజగానో వస్తాయి, అంటే పక్క రంగు అడుగునుంచి ఎక్కుతోందన్న మాట. తర్వాత ఫోటో అంచుల్లో చుక్కలు పడతాయి. ఆ తర్వాత హెడ్ ఆగే చోట ఉన్న క్యాప్ నిండి, పొంగి, ప్రింటరు అడుగుకు దిగుతుంది. హెడ్ వెనకాల ఒక పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ పట్టీ అడ్డంగా ఉంటుంది, దాని మీద సన్నటి గీతలుంటాయి. హెడ్ తానెక్కడుందో తెలుసుకునేది ఆ గీతలతోనే. దానికి ఇంకు అంటితే హెడ్ దారి తప్పి పక్క గోడకు కొట్టుకుంటుంది. అందరూ మోటారు పోయిందనుకుంటారు. చాలాసార్లు ఆ పట్టీని తడిబట్టతో మెల్లగా తుడిస్తే సరిపోతుంది.

ఈ తప్పు ఇన్నేళ్లయినా పోకపోవడానికి కారణం ఉంది. పాత రోజుల్లో ఎప్సన్ టీ60లకూ 1390లకూ ఈ కిట్లు కట్టుకున్న స్టూడియోల్లో రంగు తెగినప్పుడల్లా ఎవరో ఒకరు "ట్యాంకు కాస్త ఎత్తు పెట్టు, ఇంకు దిగుతుంది" అనేవారు. పెడితే నిజంగానే ఓ పది ఫోటోలు బాగా వచ్చేవి. దాంతో ఆ మాట నిజమైపోయింది. అసలు కారణం గాలి ఫిల్టరు మూసుకుపోవడమో, గాలి బిరడా తియ్యడం మర్చిపోవడమో అయ్యుండేది. ఎత్తు పెట్టడంతో ఆ లోపం దాగిపోయి, వారానికి హెడ్ మునిగేది. నీకూ ఎవరైనా ఆ మాట చెబుతారు. వినకు.

నేల మీద పెట్టినా ఇబ్బందే. ఫోటో పైభాగం బాగుండి, కిందికొచ్చేసరికి చారలు పడుతూ, కాసేపు ఆపితే మళ్లీ బాగవుతోందంటే ఇంకు అందట్లేదని అర్థం. ట్యాంకు మరీ కిందుందా, గాలి రంధ్రం మూసుకుందా, పైపు ఎక్కడైనా నలిగిందా, ఈ మూడూ చూడు. హెడ్ క్లీనింగ్ నొక్కేది వీటి తర్వాతే.

పిల్లాడి సంగతి నేను మర్చిపోలేదు. రెండూ కలిపి ఎత్తు పెట్టు. ఊగని బల్ల ఒకటి చూసి గోడకు ఆనించి, ప్రింటరూ ట్యాంకూ దాని మీదే పెట్టు. ట్యాంకును ప్రింటరు పక్కకు రెండువైపులా అతుక్కునే టేపుతో అంటించు. బల్ల అంచుకు ఒక చెక్కపట్టీ కొట్టించు. పైపులు వాడి చేతికి అందే వైపు వేలాడకూడదు. సిరంజిలు, సూదులు, ఇంకు సీసాలు మాత్రం తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఒక్కరోజు కూడా బల్ల మీద వదలకు, నా మాట విను.

ట్యాంకులో ఒక్కో రంగుకు రెండు గదులుంటాయి. ఇంకు పోసేది పెద్ద గదిలో, చిన్నది గాలికి. పని జరిగేటప్పుడు పెద్ద గది బిరడా బిగుతుగా మూసి, చిన్నదాని బిరడా తీసి ఫిల్టరు పెట్టి ఉంచాలి. ఇంకు పోసేటప్పుడు ముందు చిన్నది మూసి, తర్వాత పెద్దది తెరిచి పోసి, పెద్దది మూశాకే చిన్నది తెరవాలి. రెండూ తెరిచి పోస్తే ఇంకు గాలి గదిలోకి ఎగబాకి ఫిల్టరు తడుస్తుంది. తడిసిన ఫిల్టరు గాలి పీల్చదు, మార్చెయ్యాలి. పోసేటప్పుడు ట్యాంకును పైకెత్తకు, ఉన్నచోటే ఉంచి పోసుకో. ప్రింటరును ఇంకో గదిలోకి జరపాలన్నా సరే అన్ని బిరడాలూ మూసి, ట్యాంకు ప్రింటరు కంటే పైకి లేవకుండా ఇద్దరు పట్టుకోవాలి.

కిట్ కార్ట్రిడ్జ్‌లను ప్రింటరులో పెట్టకముందే, వాటి కింద ఇంకు దిగే రంధ్రానికి రబ్బరు మూతి ఉన్న సిరంజి ఆనించి మెల్లగా లాగు. మొదట గాలి వస్తుంది, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగల్లేని ఇంకు. అప్పుడు ఆపు. రంగు మారినప్పుడల్లా సిరంజి కడుగు. కార్ట్రిడ్జ్‌లు పెట్టాక, ప్లగ్ తీసేసి, హెడ్‌ను చేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపి చూడు. పైపులు ఏ చివరా బిగుసుకోకూడదు, ఏ చివరా జారి కాగితానికి రాసుకోకూడదు. ఆ తర్వాత ఒక్క క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. గీతలు తెగుతుంటే రాత్రంతా వదిలెయ్, బుడగలు వాటంతట అవే సర్దుకుంటాయి. వరసగా మూడు క్లీనింగ్‌లు దాటొద్దు. ప్రతి క్లీనింగ్‌లోనూ పోయే ఇంకు అడుగున ఉన్న వేస్ట్ ప్యాడ్‌లోకే, అంటే వృథా ఇంకు పీల్చే మెత్తలోకే, చేరుతుంది.

ఆ ప్యాడ్ లెక్క ప్రింటరు పెట్టుకుంటుంది. లెక్క నిండగానే లోపలి భాగాల ఆయుష్షు అయిపోయిందని చెప్పి ఆగిపోతుంది. రీసెట్ సాఫ్ట్‌వేర్‌తో మారేది లెక్క ఒక్కటే, ప్యాడ్ తడిగానే ఉంటుంది. మెకానిక్‌ను పిలిచి వేస్ట్ పైపును బయటికి తీయించి, ప్రింటరు కంటే కిందున్న సీసాలోకి పెట్టించు. సీసాకు గాలి రంధ్రం ఉండాలి. దాన్ని కూడా మూతున్న డబ్బాలో పెట్టు, అది పిల్లాడికి అందే ఎత్తులో ఉంటుంది.

నంద్యాల ఎండలు నీకు తెలియనివి కావు. ప్రింటరును ఎప్పుడూ దాని బటన్‌తోనే ఆపు. అప్పుడే హెడ్ కుడిమూలకు వెళ్లి క్యాప్ మీద కూర్చుంటుంది. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ మధ్యలో తెరుచుకుని ఆరిపోతుంది. ప్రింటు మధ్యలో కరెంటు పోతే, రాగానే వెంటనే ఆన్ చెయ్యి. పని లేకపోయినా వారానికొకసారి ఆరు రంగులూ పడే పేజీ ఒకటి కొట్టు.

ఇంకు డై రకమే (రంగు పూర్తిగా కరిగి ఉండేది) కొను. ఈ ప్రింటరు దాని కోసమే చేసింది. పిగ్మెంటు ఇంకుతో (రంగు సన్నటి పొడిగా ఉండేది) కలిస్తే గడ్డకట్టి పైపుల్లో నిలిచిపోతుంది. లేత నీలం, లేత మెజెంటా ముందుగా అయిపోతాయి, ముఖాల్లోనూ ఆకాశంలోనూ పడేవి అవే. ఆ రెండూ అదనంగా ఒక్కో సీసా ఉంచుకో. బ్రాండు మారిస్తే పాతది పూర్తిగా కడిగించాలి కాబట్టి ఒకటే పట్టుకో. పాస్‌పోర్టు ఫోటోలకు 180 జీఎస్ఎం బరువున్న గ్లాసీ కాగితం చాలు. 4×6 షీటులో 35×45 మిల్లీమీటర్ల ఫోటోలు ఎనిమిది పడతాయి. ఆల్బమ్‌కు మాత్రం 270 జీఎస్ఎం ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాగితమే. డ్రైవర్‌లో కాగితం రకం సరిగ్గా ఎంచుకో, లేకపోతే ఇంకు ఎక్కువ పడి ఆరదు. బయటి ఇంకుతో రంగులు ఒకవైపు మొగ్గుతాయి. ప్రతి ఫోటోనూ కంటితో సవరించుకుంటూ కూర్చోకుండా, నీ ఇంకుకూ నీ కాగితానికీ కలిపి ఒక ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిచేసే ఫైలు) చేయించుకో.

ఒక్క పని మాత్రం నువ్వు వెయ్యొద్దని నా కోరిక. పోయిన అమ్మదో నాన్నదో చిన్న ఫోటో తెచ్చి, దండ వెయ్యడానికి పెద్దది చేసిమ్మని అడుగుతారు. డార్క్‌రూమ్ రోజుల్లో హైపో అనే రసాయనం పోయేలా సరిగ్గా కడగని ఫోటోలు కొన్నేళ్లకు పచ్చబడితే ఆ ఇంటివాళ్లు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. చవక డై ఇంకు వెలుతురుకూ గాలికీ అంతకంటే ముందే వెలుస్తుంది. అలాంటివి కలర్ ల్యాబ్‌లో వేయించి ఇవ్వు, లాభం తగ్గినా ఫరవాలేదు. మిగతావాళ్లకు ఎండ తగలని గోడకు, అద్దం వెనక పెట్టుకోమని చెప్పు.

కోప్పడినట్టుంటే ఏమీ అనుకోకు తల్లీ. నీ చేతి పని మీద నాకు నమ్మకం ఉంది. బల్ల సిద్ధమయ్యాక, కిట్ బిగించకముందే, ప్రింటరు పక్కన ట్యాంకు పెట్టి పక్కనుంచి ఒక ఫోటో తీసి పంపు. ఇంకు సీసా మీద లేబుల్ కూడా కనపడేలా తియ్యి. రెండూ చూశాకే ఇంకు పోద్దువు గాని.

మీ మామయ్య