బొమ్మలకు వివరణ రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో ప్రతి బొమ్మకూ వివరణ రాశాము. అయినా స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే అంధులొకరు దరఖాస్తు ఫారం నింపలేకపోయానని తెలిపారు. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: లోపం చాలావరకు ఫారంలోనే ఉంటుంది. గడి పక్కన పేరు తెరపై కనిపిస్తే చాలదు. అది కోడ్‌లో లేబుల్‌గా ఆ గడికి జతపడి ఉండాలి. లేకపోతే అక్కడ రాయడానికి ఒక గడి ఉందని తెలుస్తుందే తప్ప, అందులో పేరు రాయాలో ఫోన్ నంబరు రాయాలో వినేవారికి తెలియకపోవచ్చు. గడిలో లేత రంగులో కనిపించే సూచన లేబుల్‌కు బదులు కాదు, ఎందుకంటే టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది. పొరపాటు జరిగిన గడిని ఎరుపు రంగుతో మాత్రమే చూపడం కూడా ఇటువంటిదే. ఆ పొరపాటేమిటో మాటల్లో చెప్పాలి.

మౌస్‌ను పక్కన పెట్టి, ట్యాబ్ మీటతో గడి నుంచి గడికి వెళుతూ కీబోర్డుతోనే ఫారాన్ని చివరి వరకు నింపి చూడండి. నా దృష్టిలో ఖరీదైన పరీక్షలకన్నా ముందు చేయవలసినది ఇదే. పనిలో పనిగా అక్షరాల రంగునూ సరిచూడండి: వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం, మామూలు పరిమాణంలోని అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. అన్నట్టు, కేవలం అలంకారానికి పెట్టిన బొమ్మలకు వివరణను ఖాళీగా ఉంచడమే సరైన పద్ధతి.