అమ్మతో బెలుం గుహలు చూడవచ్చా?

అరవై దాటిన తల్లిగారిని తీసుకుని హైదరాబాద్ నుంచి బెలుం గుహలకు వెళ్లవచ్చా, లోపల ఊపిరాడదంటారు నిజమేనా అని అడిగారు. నిరుడు డిసెంబరులో మా అమ్మతో ఉప్పల్ నుంచి కర్నూలు మీదుగా కారులో వెళ్లివచ్చాను కనుక, చూసినంతవరకు చెబుతాను.

వెళ్లవచ్చు. అయితే ఊపిరి కంటే ఉక్కపోతే అసలు ఇబ్బంది. గాలి కోసం లోపలికి గొట్టాలు వేశారు. బావిలాంటి ప్రవేశద్వారం నుంచి మెట్లు దిగుతుండగానే నా కళ్లద్దాలు మసకబారాయి. పావుగంటలో చొక్కా తడిసిపోయింది. అమ్మకు నూలు చీర కట్టించి, పట్టు జారని చెప్పులు వేయించడం మంచిదయింది.

మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ గుహలో సందర్శకులకు తెరిచినది సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే. అక్కడక్కడ తల వంచి నడవాలి. పాతాళగంగ అనే నీటిపాయ ఉన్న లోతైన భాగానికి మళ్లీ మెట్లు దిగాలి, దిగినవన్నీ ఎక్కాలి. అమ్మ మోకాళ్ల సంగతి తెలుసు కనుక ఆమెను, తోడుగా మా చెల్లెలిని పైనే ఉంచి నేను దిగాను. మీరూ అలాగే చేయండి.

బొర్రా గుహలు చూసినవారు ఇక్కడ అంతటి విశాలమైన గదులను ఆశించి నిరాశపడుతుంటారు. బెలుం అందం వేరు: సున్నపురాతిని నీరు తొలిచిన ఇరుకు దారులు, నునుపుదేలిన గోడలు. లింగాల్లాంటి రాళ్లు గుంపుగా ఉన్న కోటిలింగాల దగ్గర, కప్పు నుంచి మర్రి ఊడల్లా రాళ్లు వేలాడే ఊడలమర్రి దగ్గర మాత్రం తొందరపడకండి. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని రాతిని కరిగిస్తూ దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నం పొరలుగా పేరుకుంటుంది. ఒక ఊడ చివర నీటిబొట్టు వేలాడుతుంటే అది ఎప్పుడు రాలుతుందా అని అమ్మ నిలబడిపోయింది. వెనకున్నవారు కదలమనేవరకు అది రాలనే లేదు.

సప్తస్వరాల గుహలో రాతిని తడితే లోహపు చప్పుడు వస్తుంది. మా ముందున్న కుర్రవాళ్లు నాణెంతో కొట్టి వినోదించారు. నాకు ఒళ్లు మండింది. మనిషి చేతి జిడ్డు అంటుకున్నచోట కొత్త పొర సరిగా పట్టదు, కొడితే విరిగిపోతుంది.

సుమారు మూడు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం గనుక ఒక్కరోజులో ముగించాలని చూడకండి. మేము రాత్రి బనగానపల్లెలో ఆగి, మర్నాడు యాగంటి చూసుకుని తిరిగివచ్చాము.