పోటూ పాటూ కనుక్కుని బయలుదేరు

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "మీ మేనకోడలు ఆదివారాలు తన బడి పిల్లల్ని ఊళ్ళు తిప్పుతుందట వదినా" అంది. మెచ్చుకుంటోందో ఫిర్యాదు చేస్తోందో తెలియలేదు. నాకు మాత్రం సంతోషంగా అనిపించింది. రాజోల్లో ఉద్యోగం వచ్చాక అందరూ సెలవు దొరికితే రాజమండ్రి పరిగెడతారు, నువ్వు ఉన్న ఊరి చుట్టూ చూడాలనుకున్నావు. కానీ జాబితాలో మొదటిది గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది అని తెలిశాక అన్నం సహించలేదు.

ఖర్చు గురించి బెంగ లేదు. డిపో నుంచి పల్లెవెలుగు బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ కార్డులు మర్చిపోకపోతే చాలు. మగపిల్లల టికెట్లకి తలా కాస్తా వేసుకోండి. దిండిలో హౌస్‌బోటు మాట మాత్రం పిల్లల ముందు ఎత్తకు. ఎత్తావో, నీ పులిహోర ఎవడికీ రుచించదు. పులిహోర చింతపండుదే చెయ్యి, ఎండకి తట్టుకుంటుంది. పెరుగన్నంలో పెరుగు కాకుండా గోరువెచ్చటి పాలు పోసి చెంచాడు తోడు వేసి కలుపు. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు.

ఒకే రోజు ఐదు ఊళ్ళు రాసుకున్నావట. పిల్లలకి చూపించాలని ఉందా, ఎవరికైనా లెక్క అప్పజెప్పాలని ఉందా? రోజుకి ఒక్కటి చాలు.

ముందు పి.గన్నవరం తీసుకెళ్ళు. అక్విడక్ట్ దగ్గర నిలబెట్టి, పైన పారేదేమిటి, కింద పారేదేమిటి అని అడిగి ఊరుకో. నువ్వు చెప్పకు, వాళ్ళే కొట్టుకుని తేల్చుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం అయింది సరే, మన వైపు పొలాలకి నీళ్ళు రావాలంటే మధ్యలో గోదావరి పాయ వైనతేయ అడ్డం. అందుకని నది మీంచే కాలవని నడిపించారు కాటన్ దొర మనుషులు. ఇప్పటి కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, 1909లో పోయారు. క్యారేజీలు అక్కడే విప్పండి. ఆ ఊళ్ళో ఆకలితో ఉండకూడదు.

పాలకొల్లు దిండి మీంచి, చించినాడ వంతెన దాటి వెళ్ళొచ్చు. పంచారామాల్లో ఒకటి, క్షీరారామం. గోపురం 120 అడుగులు, తొమ్మిది అంతస్తులు. మెడ నొప్పెట్టేదాకా లెక్కపెడతారు. ఆదుర్రులో బౌద్ధస్తూపం ఉంది. "ఇవి ఇటికలే కదండీ" అంటారు, అననీ. చక్రం ఆకారంలో పేర్చిన తీరు చూపించు, చాలు.

ఇప్పుడు అంతర్వేది. మీ నాన్న నీకు చెప్పి ఉండడు గాని, చెప్పాల్సిన సంగతే.

భీష్మ ఏకాదశి కల్యాణం అయిపోయి జనం పలచబడ్డాక వెళ్ళాం. దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడిచాం. పాటు వేళ, అంటే నీళ్ళు సముద్రంలోకి తగ్గే వేళ. ఇసకతిన్నె బారుగా తేలి ఉంది, మధ్యలో చిన్న పాయ, చీలమండ దాకా నీళ్ళు. మా తమ్ముడు ఊరుకుంటాడా! పంట్లాం మడిచి, మీ అమ్మని వెంటేసుకుని అవతలికి పోయాడు. చెప్పులకీ సంచులకీ కాపలా అని నన్ను ఒడ్డున కూచోబెట్టారు. వాళ్ళు గవ్వలు ఏరుకుంటున్నారు. నేను నీళ్ళకేసి చూస్తున్నాను. ఒక కొబ్బరి డొక్క సముద్రం వైపు పోతోంది. పోతూ పోతూ ఆగింది. కాసేపు ఉన్నచోటే తిరిగింది. తర్వాత వెనక్కి, రాజోలు వైపు మళ్ళింది.

పోటు, అంటే సముద్రం పొంగి నీళ్ళు ఎక్కడం, ఎదురుగా కెరటంలా వస్తుందనుకుంటారు తెలియనివాళ్ళు. వాళ్ళ వీపు వెనక, ఆ చిన్న పాయే నిండింది, చప్పుడు లేకుండా. నేను అరిచాను, గాలికి వినబడలేదు. చూసుకునేసరికి మీ అమ్మకి నడుం లోతు. ఒక జాలరి నావ తోసుకుంటూ వచ్చి ఒడ్డుకి చేర్చాడు. అతను తిట్టిన తిట్లు ఈ కాగితం మీద పెట్టలేను. మీ నాన్న ఇప్పటికీ "మోకాలు లోతేనే అక్కా" అంటాడు. ఆ భుజాల మీద, ఆ గాలిలో, హాయిగా నిద్రపోతున్నది ఎవరనుకున్నావు? మూడేళ్ళదానివి.

అందుకే చెబుతున్నాను. గుడి ఎప్పుడు తీస్తారో తర్వాత, ముందు ఆ రోజు పోటు ఎప్పుడో కనుక్కో. అక్కడి జాలర్లని అడిగితే సరిగ్గా చెబుతారు. రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతూ పోతుంది, కిందటి ఆదివారం లెక్క ఈ ఆదివారానికి పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ మరీ ఎక్కువ, ఆ రోజులు వద్దే వద్దు. పాయ దాటడం, సంగమంలో స్నానం రెండూ లేవు. ఏడిచినా లేవు. సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం చూపించాలనుకుంటే, కిక్కిరిసిన పంటుని వదిలెయ్యి, తర్వాతది వస్తుంది. లైఫ్‌జాకెట్ అడగడానికి మొహమాటపడకు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పటి నుంచి నాకు ఏ పడవ చూసినా గుండె దడే.

పదిమంది పిల్లలకి ఒక్క పెద్దమనిషైనా ఉండాలి. మీ హెడ్‌మాస్టారికి కాగితం మీద రాసిచ్చి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకో. నువ్వు ఒక్కదానివే మొయ్యగలననుకోకు తల్లీ, ఆ మొండితనం మీ నాన్నదే.

మా ఇంట్లో పాత పెద్ద స్టీలు క్యారేజీ ఉంది, పదిహేనుమందికి సరిపోతుంది. శుక్రవారం మీ బావ అటు వస్తున్నాడు, అతనితో పంపిస్తాను. మూత కాస్త బిగుతు, పక్కనుంచి తట్టి తియ్యి.

మీ అత్త