మేనకోడలికి మామయ్య రాస్తున్నది: ముందు ఆ స్థలాల సంగతి తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మిసిసిపీ డెల్టాలో కౌంటీ ఆఫీసులో చేరావని, రాగానే ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) ఇచ్చే బ్రౌన్‌ఫీల్డ్స్ గ్రాంటు, అంటే కాలుష్యం ఉందేమోనన్న అనుమానంతో వాడకుండా వదిలేసిన పాత స్థలాల కోసం ఇచ్చే సొమ్ము, దాని అప్లికేషన్ నీ నెత్తిన పెట్టారని అమ్మ చెప్పింది. రిటైరయ్యేదాకా నేను చేసింది ఆ పనే కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

నువ్వు అడగబోయే అసెస్‌మెంట్ గ్రాంటు నేలలో ఏముందో తెలుసుకోవడానికే, బాగు చేయడానికి కాదు. క్లీనప్ గ్రాంటు వేరే ఉంది, దానికి స్థలం కౌంటీ పేరిటే ఉండాలి. ఈ తేడా మొదటి మీటింగ్‌లోనే జనానికి చెప్పు. లేకపోతే ఏడాది తిరిగాక "డబ్బొచ్చిందన్నారు, ఆ పాడుబడ్డ బంకు అలాగే ఉందేం?" అని నిన్నే నిలదీస్తారు. వాళ్లు అడగడంలో తప్పేం లేదు.

ఫెడరల్ గ్రాంట్లకు పేరు నమోదు చేసుకునే సామ్ డాట్ గవ్ సైటులో కౌంటీ రిజిస్ట్రేషన్ ఈ ఏడాది రెన్యువల్ అయిందో లేదో ఇవాళే చూడు. దానికి ఒక్కోసారి వారాలు పడుతుంది, అది లేకుండా అప్లికేషన్ వెళ్లదు. అప్లికేషన్‌లో అసలు కథనానికి ఇచ్చేది 10 పేజీలు. అందులో పేదరికం గురించి పేజీలకు పేజీలు ఏడవకు. సెన్సస్ అంకెలు రెండు వాక్యాల్లో చెప్పేసి, ఏ స్థలం, అక్కడ ఏం నడిచేది, బడికి ఎంత దూరం, రేపు అక్కడ ఏం కట్టాలనుకుంటున్నారు అన్నవి రాయి. అసెస్‌మెంట్‌కు కౌంటీ వాటా సొమ్ము పెట్టక్కర్లేదు, మీలాంటి చోట్లకు అదే పెద్ద ఊరట.

కన్సల్టెంట్లు వచ్చి అప్లికేషన్ ఉచితంగా రాసిపెడతామంటారు. సాయం తీసుకున్నా, పని మీకే అని మాత్రం మాటివ్వకు. ఫెడరల్ డబ్బుతో చేయించే పనికి పోటీ పెట్టి ఎంచుకోవాల్సిందే.

ఇక స్థలాల ఎంపిక. నా లెక్కలో సగం గ్రాంట్లు నీరుగారేది ఇక్కడే. లిస్టులో ఇరవై పేర్లుంటాయి, ఓనరు సంతకం పెట్టిన స్థలం ఒక్కటీ ఉండదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా గేటు లోపల అడుగు పెట్టలేవు. మీ డెల్టాలో ఇంకో చిక్కుంది. తాత పేరు మీదే ఉండిపోయిన భూమికి వారసులు షికాగోలో కొందరు, డెట్రాయిట్‌లో కొందరు ఉంటారు. మనూళ్లో పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి లాంటిదే అనుకో. భూమి రికార్డులుండే ఛాన్సరీ క్లర్క్ ఆఫీసులో కూర్చుని దస్తావేజుల పుస్తకాలు తిరగెయ్యి. ఓనరు దొరికాక "ఏదైనా బయటపడితే నా మెడకు చుట్టుకుంటుందా?" అంటాడు. అస్సలు చుట్టుకోదని బుకాయించకు, కౌంటీ లాయరుతో మాట్లాడించు.

స్థలం పరీక్షలో మొదటి దశను ఫేజ్ వన్ అంటారు, అందులో తవ్వకం ఉండదు. పాత రికార్డులు, ఏరియల్ ఫొటోలు చూడటం, స్థలమంతా నడవటం, మనుషుల్ని అడగటం. కన్సల్టెంటుతో పాటు నువ్వూ వెళ్లు. బంకు వెనక గోడను ఆనుకుని సన్నటి ఇనుప గొట్టం నిలబడి ఉందంటే భూమిలో ట్యాంకు ఇంకా ఉందేమోనని అనుమానించు, గాలి పోయే గొట్టం అది. కాంక్రీటులో పొడవాటి అతుకు కనిపిస్తే ఎప్పుడో తవ్వి తీశారేమో. ఊళ్లో పాత మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడించు. వాడిన నూనె ఎటు పారబోసేవారో ఏ మ్యాపులోనూ ఉండదు. పెట్రోలు స్థలాలకు మాత్రం గ్రాంటు అర్హత ఉందో లేదో రాష్ట్ర పర్యావరణ శాఖ తేల్చాలి, అది ముందే అడుగు.

ఫేజ్ టూలో డ్రిల్లింగ్, మట్టీ నీళ్ల శాంపిళ్లు ఉంటాయి. శాంపిళ్ల నాణ్యతా ప్రణాళికకు ఈపీఏ ఆమోదం రాకుండా మిషను దించనివ్వకు. కౌంటీ ఏదైనా స్థలం కొనాలనుకుంటే ఫేజ్ వన్ కొనకముందే పూర్తి కావాలి. అందులో ముఖ్యమైన భాగాలకు 180 రోజులే గడువు, దాటితే మళ్లీ చేయించాలి. లేదంటే ఎవరో చేసిన కాలుష్యానికి కౌంటీ జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

ఇంకో సంగతి. మీకు నిజంగా అక్కర ఉన్నవి ఒకటి రెండు స్థలాలే అయితే నాలుగేళ్ల గ్రాంటు తలకెత్తుకోకు. రిపోర్టుల టెన్షన్‌తోనే సరిపోతుంది. అట్లాంటాలోని ఈపీఏ ప్రాంతీయ ఆఫీసుకు రాస్తే, టార్గెటెడ్ బ్రౌన్‌ఫీల్డ్స్ అసెస్‌మెంట్ కింద వాళ్ల కాంట్రాక్టరే వచ్చి ఉచితంగా పరీక్ష చేసే వీలుంది. నేనైతే ముందు అదే అడుగుతాను.

స్థలాల లిస్టు, ఎవరెవరు సంతకం పెడతామన్నారో రాసి పంపు. ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య