కిడ్నీ మార్పిడి వార్డులో ఫిజియోథెరపిస్టుకు పనేంటి?

ప్రశ్న: ఫిజియోథెరపీ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. తోటివాళ్లంతా స్పోర్ట్స్ ఫిజియో అంటున్నారు. నాకేమో ఆసుపత్రిలో, ముఖ్యంగా కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లతో పనిచేయాలని ఉంది. అక్కడ చేసేదల్లా పేషంటును వరండాలో నడిపించడమేనని, అందుకు నర్సులు చాలని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? ఇప్పటినుంచి ఏం నేర్చుకోవాలి? ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయని ఇంట్లో భయపడుతున్నారు కూడా.

జవాబు: మీ సీనియర్ల మాటలో సగం నిజముంది. మూడో రోజు, నాలుగో రోజు పేషంటును వరండాలో నడిపించడానికి పక్కన ఎవరున్నా సరిపోతుంది. ఆపరేషన్ మర్నాడు ఆయన మొదటిసారి మంచం దిగేటప్పుడు ఎవరున్నారన్నదే అసలు విషయం. లేపొచ్చా, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయానికే ఆ వార్డులో ఫిజియో కావాలి. ఆ నిర్ణయం తీసుకోవాలంటే ఏం తెలియాలో చెబుతాను. అది చదివాక కూడా ఆసక్తి తగ్గకపోతే నిశ్చింతగా ఈ దారిలో వెళ్లండి.

ముందు ఆపరేషన్‌ని అర్థం చేసుకోండి. కొత్త కిడ్నీని పాతవాటి స్థానంలో, వీపు వైపు పెడతారని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. మామూలుగా పాత కిడ్నీలను తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన, ఎక్కువగా కుడివైపు, తుంటి ఎముక గిన్నెలో అమరుస్తారు. దాని రక్తనాళాలను కాలికి వెళ్లే పెద్ద నాళాలకు, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలుపుతారు. కోత గజ్జకు కాస్త పైన వంపుగా ఉంటుంది. మన జాగ్రత్తలన్నీ ఈ బొమ్మలోంచే వస్తాయి. ఆ వైపు తుంటిని బాగా మడిస్తే కిడ్నీ దగ్గర ఒత్తిడి పడుతుందని కొన్ని యూనిట్లలో తొలి రోజుల్లో 90 డిగ్రీలు దాటనివ్వరు. అందుకే మంచం పక్కన వేసే కుర్చీ ఎత్తుగా ఉండాలి. పల్లపు సోఫాలో కూర్చోబెడితే తుంటి మడతపడుతుంది, లేచేటప్పుడు కుట్ల మీద భారమూ పడుతుంది.

ఇక మోకాలు. ఆపరేషన్ పొత్తికడుపులో అయితే మోకాలితో పనేంటి అనిపించవచ్చు. కోతను తెరిచి పట్టుకునే రిట్రాక్టర్ కొన్నిసార్లు తొడ నరాన్ని, అంటే ఫెమరల్ నరాన్ని గంటల తరబడి నొక్కుతుంది. తరచుగా జరిగేది కాదు, కానీ జరిగినప్పుడు పడుకున్నంతసేపూ పేషంటుకు ఏమీ తెలియదు. తొడ ముందుభాగం మొద్దుబారినట్టుందని అంటే అనవచ్చు, అదీ మత్తు ప్రభావమే అనుకుంటాడు. లేచి ఒక అడుగు వేయగానే మోకాలు చటుక్కున మడతపడుతుంది, పట్టుకునేలోపే కింద ఉంటాడు. దీన్ని ముందే పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, మడమను పైకి లేపి 5 సెకన్లు నిలపమనండి. రెండు కాళ్లూ పోల్చండి. తొడ ముందు, పిక్క లోపలి పక్క దూదితో తాకి స్పర్శ చూడండి. ఒక వైపు మడమ లేవకపోతే ఆ రోజు నడక వద్దు. ముందు సర్జన్‌కు చెప్పాలి, ఎందుకంటే లోపల రక్తం గూడుకట్టి నరాన్ని నొక్కుతున్నా ఇలాగే ఉంటుంది. అలాంటిదేమీ లేదని తేలాక మోకాలికి పట్టీ, చేతికి వాకర్, పక్కన ఇద్దరు మనుషులతో మొదలుపెట్టాలి. ఈ నరం చాలామందిలో కొన్ని నెలల్లో కోలుకుంటుంది, ఆ మాట పేషంటుకు మొదటి రోజే చెప్పండి.

లేపేముందు కేస్ షీట్ చదవడం ఈ పనిలో సగం. గంటగంటకూ వచ్చిన మూత్రం, బీపీ, హిమోగ్లోబిన్, పొటాషియం, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన రక్తంలోని వ్యర్థం) చూడాలి. క్రియాటినిన్ రోజూ దిగుతుంటే కిడ్నీ పనిచేస్తోందని లెక్క. పొటాషియం బాగా పెరిగి ఉంటే గుండె లయ తప్పవచ్చు, డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. బీపీ విషయం మరీ ముఖ్యం. కొత్త కిడ్నీకి రక్తం చాలినంత అందాలని సర్జన్ బీపీ ఇంతకు తగ్గకూడదని రాసి ఉంచుతాడు. ఏళ్ల తరబడి షుగరున్న పేషంటుకు నిలబడగానే బీపీ జారిపోవడం మామూలే. పడుకుని ఒకసారి, మంచం అంచున కాళ్లు దించి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టాక 3 నిమిషాల్లోపు ఒకసారి కొలవండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోయినా, సర్జన్ రాసిన హద్దు కంటే తగ్గినా తిరిగి పడుకోబెట్టి చెప్పాల్సినవాళ్లకు చెప్పండి. కళ్లు తిరుగుతున్నాయని పేషంటు చెప్పేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఏ చేతికి బీపీ పట్టీ చుడుతున్నారో కూడా చూసుకోండి. డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపి వేసిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ వద్దు, ఆ చేయి పట్టుకుని లాగి లేపడం అంతకంటే వద్దు, దాని మీద బరువు వేసి వాకర్ నొక్కడమూ మంచిది కాదు. వేళ్లు ఆనిస్తే ఫిస్టులా గుర్రుమంటూ అదురుతుంది. వ్యాయామానికి ముందూ తర్వాతా ఆ అదురు ఉందో లేదో చూసి రాయండి. కొత్త కిడ్నీ వచ్చింది కదా, ఇక ఫిస్టులాతో పనేముంది అనుకోకండి. ఆ కిడ్నీ పుంజుకోవడానికి కొన్నాళ్లు పడితే డయాలసిస్ దాని మీదే నడవాలి.

మొదటిరోజు పేషంటుకు మెడలో లైను, పొట్ట పక్కన లోపలి ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్, మూత్రపు గొట్టం, సెలైన్ స్టాండు అన్నీ ఉంటాయి. లేచే వైపునే గొట్టాలన్నీ ఉండేలా ముందు సర్దుకోండి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. నడక అయ్యాక గంటలో మూత్రం ఒక్కసారిగా ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది తొడ కింద గొట్టం నలిగిందా అని. నలగలేదంటే లోపల రక్తపు గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, వెంటనే నర్సును పిలవాలి.

ఊపిరి వ్యాయామాలు అందరికీ తెలిసినవే, కానీ తప్పుగా నేర్పేవాళ్లే ఎక్కువ. ఊపిరి పీల్చి బంతులు లేపే స్పైరోమీటర్‌ను కొందరు ఊదుతారు, కొందరు గట్టిగా ఒక్క లాగులో మూడు బంతులూ ఎగరేసి మురిసిపోతారు. నెమ్మదిగా పీల్చి, పైన 3 నుంచి 5 సెకన్లు ఆపాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు సుమారు 10 సార్లు. దగ్గేటప్పుడు కోత మీద దిండు పెట్టి రెండు చేతులతో అదుముకోమనాలి. నొప్పికి భయపడి దగ్గనివాళ్లకు కఫం కూరుకుపోతుంది, రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవాళ్లకు అది న్యుమోనియా అయితే తట్టుకోవడం కష్టం.

మందులు ఫార్మకాలజీ పరీక్షతో అయిపోయాయనుకుంటే పొరపాటు. స్టెరాయిడ్ల వల్ల వారాలు గడిచేకొద్దీ తుంటి, తొడ కండరాలు నీరసిస్తాయి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేరు. ఇది రెండు వైపులా సమానంగా, నిదానంగా వస్తుంది. నరం దెబ్బ ఒక వైపే, మొదటిరోజే కనిపిస్తుంది. ఈ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ గురించి వేరే సిఫారసు అక్కర్లేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందు టాక్రోలిమస్ వాడేవాళ్లకు చేతులు వణకడం మామూలు. నెలల తర్వాత గజ్జలో నొప్పి, కుంటి నడక మొదలైతే కండరం పట్టేసిందని సాగదీతలు మొదలెట్టకండి. స్టెరాయిడ్ వల్ల తుంటి బంతికి రక్తం అందక ఎముక దెబ్బతిని ఉండవచ్చు, స్కాన్‌కు పంపాలి. పేషంట్లు మిమ్మల్నే అడిగే ప్రశ్న ఇంకోటుంది: 'ఒళ్లు నొప్పులకు ఏదైనా మాత్ర చెప్పండి' అని. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొత్త కిడ్నీకి చేటు. పూత మందైనా సరే డాక్టరును అడగందే పేరు చెప్పొద్దు. కిడ్నీ ఉన్నచోట వేడి కాపడాలు, కరెంటు యంత్రాలు పెట్టొద్దు. కోత చుట్టూ స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి కాలినా పేషంటుకు తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చే ప్లాన్ పెద్దదేం కాదు. రోజూ నడక, వారంవారం కొద్దిగా పెంచడం, 6 నుంచి 8 వారాలదాకా 4, 5 కిలోలకు మించి ఎత్తకపోవడం, అప్పటిదాకా పొట్ట వ్యాయామాలు వాయిదా. చాలామంది గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వాడుతుంటారు కాబట్టి నాడి లెక్క నమ్మొద్దు. ఎంత శ్రమగా ఉందో పేషంటే అంకెలో చెప్పే, 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు మీద 11 నుంచి 13 దగ్గర ఉంచండి. జ్వరం, మూత్రం తగ్గడం, ఒక్కసారిగా బరువు పెరగడం, కిడ్నీ మీద నొప్పి కనిపిస్తే వ్యాయామం ఆపి ఆసుపత్రికి రమ్మనాలి. ఇక జీవితంలో ఆటలాడలేనేమోనని దిగులుపడే కుర్రవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పండి: అవయవ మార్పిడి జరిగినవాళ్ల కోసం 1978లోనే ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ట్రాన్స్‌ప్లాంట్ గేమ్స్ మొదలయ్యాయి.

ఉద్యోగం మాటకొస్తే, కిడ్నీ మార్పిడి ఒక్కటే చూసే ఫిజియో పోస్టులు తక్కువ, ఈ సంగతి దాచడంలో అర్థం లేదు. ఎక్కువమంది సర్జరీ వార్డులు, ఐసీయూ చూస్తూ ట్రాన్స్‌ప్లాంట్ పేషంట్లనూ చూస్తారు. కాబట్టి ఈ ఒక్క వార్డు మీదే ఆశ పెట్టుకోకుండా గుండె, ఊపిరితిత్తుల ఫిజియోథెరపీలో పట్టు సంపాదించండి, పీజీ చేస్తే అందులోనే చేయండి. ఇంటర్న్‌షిప్‌లో నెఫ్రాలజీ, యూరాలజీ వార్డుల్లో వేయమని అడగండి, డయాలసిస్ యూనిట్లో కూడా కొన్ని రోజులు గడపండి. మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్లు అక్కడే ఉంటారు. డయాలసిస్ జరుగుతుండగా మొదటి రెండు గంటల్లో పడుకునే తొక్కే సైకిల్ వ్యాయామం చేయిస్తారు. తర్వాతి గంటల్లో ఒంట్లోంచి నీరు పోయి బీపీ పడిపోతుంది కాబట్టే ఆ హద్దు. ఆపరేషన్‌కు ముందే కాళ్లలో బలం పెంచుకున్న పేషంటు తర్వాత లేచే తీరే వేరు, ఈ పనికి మనుషులు ఇంకా కావాలి.

ఇంట్లోవాళ్ల భయం సంగతి. ఆ వార్డులో మీవల్ల పేషంటుకు వచ్చే ముప్పే ఎక్కువ. జలుబు చేసిన రోజు మీరు లోపలికి వెళ్లకూడదు. మంచం మంచానికీ మధ్య చేతులు, స్టెతస్కోపు, వాకర్ పిడి శుభ్రం చేయాలి, స్పైరోమీటర్ ఎవరిది వారికే. మీకోసమైతే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ ఇంటర్న్‌షిప్‌కు ముందే పూర్తిచేసి, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. అంకె 10 (mIU/mL) కంటే తక్కువ వస్తే టీకా మళ్లీ వేయించుకోవాలి, ఆ రిపోర్టును ఫైల్లో పెట్టుకునే వార్డులో అడుగుపెట్టండి.