వెయిట్‌రూమ్‌లో చేరబోతున్న మేనల్లుడికి

చిన్నా,

మాస్టర్స్ అయ్యాక అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) జట్టులో స్ట్రెంత్ కోచ్‌గా, అంటే వెయిట్‌రూమ్‌లో బరువులెత్తించి, పరుగులు పెట్టించి ఆటగాళ్ల బలం పెంచే కోచ్‌గా చేరాలని ఉందని రాశావు. చాలా సంతోషం. ఈ పనిలోనే నా తల నెరిసింది కాబట్టి తెలిసింది దాచకుండా చెబుతాను.

1969లో బాయిడ్ ఎప్లీ నెబ్రాస్కా యూనివర్సిటీలో ఈ ఉద్యోగంలో చేరేనాటికి, బరువులెత్తితే ఆటగాళ్ల ఒళ్లు మొద్దుబారిపోతుందని చాలామంది కోచ్‌లు నమ్మేవారు. 1970, 71లలో నెబ్రాస్కా వరసగా జాతీయ టైటిళ్లు గెలిచింది. తర్వాత పెద్ద జట్లన్నీ అదే దారి పట్టాయి. 1978లో ఎప్లీ మొదలుపెట్టిన స్ట్రెంత్ కోచ్‌ల సంఘం ఎన్ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్ ముందు సంపాదించు. కాలేజీ స్ట్రెంత్ కోచ్‌లకు విడిగా ఉన్న సంఘం ఇచ్చే ఎస్‌సీసీసీ సర్టిఫికెట్ కూడా ఉంది. దానికి ఒక సీనియర్ కోచ్ కింద 640 గంటలు పనిచేయాలి. వీలైతే అదీ చెయ్యి. తెల్లవారుజామున బరువుల ప్లేట్లు సర్దుతూ, కుర్రాళ్లు స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) చేస్తుంటే వెనక నిలబడి చూస్తూ గడిపే ఆ గంటల్లోనే అసలు చదువు ఉంది.

సీజన్ అయిపోయాక హెడ్ కోచ్ ఆటగాళ్లతో గడపగలిగేది తక్కువ. నీ ముందు మాత్రం వాళ్లు జనవరిలోనూ ఉంటారు, జూలైలోనూ ఉంటారు. నువ్వు పరిగెత్తమంటే పరిగెత్తుతారు. స్కాలర్‌షిప్ పోతుందేమో, బెంచీ మీద కూర్చోబెడతారేమో అన్న భయంతో కళ్లు తిరుగుతున్నా నోరు విప్పరు. అందుకే ఎంత బరువు ఎత్తించాలన్నది కాదు, ఎప్పుడు ఆపాలన్నది ముందు నేర్చుకో.

2011 జనవరిలో అయోవా యూనివర్సిటీలో ఏమైందో చదువు. సెలవుల నుంచి వచ్చిన ఆటగాళ్ల చేత వంద స్క్వాట్లు చేయించారు. కండరాలు దెబ్బతినే రాబ్డో అనే జబ్బుతో 13 మంది ఆసుపత్రి పాలయ్యారు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఆటగాడు 110 గజాల పరుగులు తీస్తూ వడదెబ్బకు కుప్పకూలాడు. రెండు వారాల తర్వాత చనిపోయాడు. చల్లటి నీళ్ల తొట్టిలో వెంటనే ముంచితే ప్రాణం దక్కే జబ్బు అది. ఆ అబ్బాయి అమ్మానాన్నల్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కాబట్టి ఎండాకాలంలో పరుగులు పెట్టించే రోజున, పిల్లలు గ్రౌండ్‌లోకి రాకముందే తొట్టి ఐసు, నీళ్లతో నిండి ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు. ఎవడైనా వడదెబ్బతో పడిపోతే ముందు ఒళ్లు చల్లబరచాలి, ఆ తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి. రెండు వారాలకు మించి ఖాళీగా ఉండి వచ్చినవాళ్లకు మొదటి వారం కసరత్తులో కనీసం సగం కోసెయ్యి, రెండో వారం ముప్పై శాతం తగ్గించు. సికిల్ సెల్ ట్రెయిట్ (గట్టి శ్రమలో రక్తకణాలు వంకర తిరిగే ప్రమాదమున్న పుట్టుక లక్షణం) ఉన్నవాళ్ల పేర్లు కంఠతా రావాలి. అలాంటివాడు కాళ్లలో సత్తువ లేదన్నాడంటే బద్ధకం అనుకోకు, వెంటనే కూర్చోబెట్టు. ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్ ఆపమంటే అక్కడితో ఆపెయ్యాలి, వాదన వద్దు. ఆలస్యంగా వచ్చాడనో, మ్యాచ్ ఓడిపోయారనో శిక్షగా పరుగులు పెట్టించమని హెడ్ కోచ్ అడుగుతాడు. చేయించనని మర్యాదగా, గట్టిగా చెప్పు.

దానివల్ల ఉద్యోగం పోతుందేమోనని నీకు అనిపించవచ్చు. ఈ లైన్‌లో ఉద్యోగం ఎలాగూ నిలకడ కాదు. హెడ్ కోచ్‌ని తీసేస్తే చాలాసార్లు ఆయన మనుషులందరూ పెట్టె సర్దుకోవాల్సిందే. ఊళ్లు మారాలి. మొదట్లో జీతం నీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల జీతంలో సగం కూడా ఉండదు. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పుడే చెప్పు. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు ఉంటుంది, ఆ గడువు మనసులో పెట్టుకో. యూనివర్సిటీలకు హెచ్‌1బీ వర్క్ వీసా లాటరీ లేదు కాబట్టి ఇంటర్వ్యూలోనే స్పాన్సర్ చేస్తారా అని అడిగెయ్యి, మొహమాటపడకు.

సీపీఆర్ కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకో. రెజ్యూమె ఈ ఆదివారంలోగా పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య