డ్రైవ్‌వే చివర చూసి స్నో బ్లోయర్ కొను

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఇంట్లో ఇది మీకు మొదటి చలికాలమనీ, డ్రైవ్‌వే మీద, అంటే రోడ్డు నుంచి గ్యారేజీ దాకా కారు నడిచే దారి మీద, మంచు తీయడానికి స్నో బ్లోయర్ (మంచును లాగి దూరంగా విసిరే యంత్రం) కొనాలనుకుంటున్నామనీ, ఏది కొనాలో చెప్పమనీ రాశావు. బ్యాటరీతో నడిచే చిన్నది చాలని నువ్వు, ఎందుకైనా మంచిది పెద్దదే తీసుకుందామని కోడలు అంటున్నారట. ఇద్దరి మాటలోనూ సబబు ఉంది. కానీ మీరిద్దరూ అంగట్లో ఉన్న యంత్రాలను చూసి మాట్లాడుతున్నారు. ముందు మీ వాకిలిని చూడండి. అందులోనూ డ్రైవ్‌వే రోడ్డును కలిసే చోటు చూడండి.

మంచు కురిసిన రాత్రి రోడ్డు శుభ్రం చేసే ప్లౌ ట్రక్కు వస్తుంది. రోడ్డు మీది మంచునంతా పక్కకు నెట్టుకుంటూ పోతుంది. ఆ పక్కన ఉండేది మీ డ్రైవ్‌వే మొదలే. తెల్లవారి లేచి చూస్తే ఇంటి ముందంతా మెత్తని మంచు, రోడ్డు దగ్గర మాత్రం అడ్డంగా ఒక గోడ కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటే మంచు అనుకోవద్దు. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనపు మీటరుకు యాభై నుంచి వంద కిలోలు తూగుతుంది. ప్లౌ నెట్టిన మంచు నలిగి, నీరు పట్టి, ఉప్పు కలిసి, గడ్డలు కట్టి ఘనపు మీటరుకు 400 కిలోలు దాటిపోతుంది. లెక్క వేసి చూడు. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే మీద 8 అంగుళాల పొడి మంచు పడితే, ఘనపు మీటరుకు వంద కిలోల చొప్పున చూసినా మొత్తం దాదాపు టన్నున్నర. రోడ్డు దగ్గరి గోడ అదే 20 అడుగుల వెడల్పున, మూడడుగుల మందం, అడుగున్నర ఎత్తు ఉన్నా చాలు, అదొక్కటే టన్ను తూగుతుంది. డ్రైవ్‌వే మొత్తం మీద కురిసిన మంచు బరువులో మూడింట రెండు వంతులంత బరువు ఆ మూడడుగుల పట్టీలోనే కూర్చుంటుంది.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మధ్యలో ఉన్న మెత్తని మంచును చూసి చిన్న యంత్రం కొంటారు. అది 35 అడుగులు హాయిగా లాగేసి, గోడ దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది. అప్పుడు చేతికి పార వస్తుంది. చలిలో గబగబా బరువు మంచు ఎత్తడం గుండెకు ఎంత చేటో నీకు తెలుసు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి బిగబట్టి ఎత్తేసరికి గుండె మీద భారం ఒక్కసారిగా పడుతుంది. నువ్వు రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాడివి. నీ చేతికి పార రాకుండా చూడడమే ఈ యంత్రం పని. కాబట్టి ఆ గోడను దాటగలిగేదే కొనాలి, మిగతా డ్రైవ్‌వే ఎలాగూ తేలికే.

ఇక రకాల సంగతి. సింగిల్ స్టేజ్ యంత్రంలో రబ్బరు అంచున్న రెక్కలు నేలను తాకుతూ తిరుగుతాయి, మంచును తీసేదీ విసిరేదీ అవే. నేల దాకా శుభ్రంగా ఊడ్చేస్తుంది, తేలిక, మూల చూసి పెట్టుకోవచ్చు. ఏడెనిమిది అంగుళాల లోపు మెత్తని మంచుకు, చదునైన సిమెంటు నేలకు ఇది చక్కని పనిముట్టు. చక్రాలకు ఇంజను బలం అందదు కాబట్టి ఏటవాలు మీద మనమే నెట్టాలి. కంకర నేల మీద మాత్రం దీన్ని వాడనే కూడదు. రెక్కలు నేలను గీరుతాయి కనుక రాళ్లను కూడా ఎత్తి విసురుతుంది, ఎదుటి కారు అద్దమైనా మనిషి కన్నైనా పోతుంది.

టూ స్టేజ్‌లో పని రెండు భాగాలుగా పంచుకుంటుంది. ముందున్న మెలితిరిగిన ఉక్కు రెక్కలు, ఆగర్ అంటారు, మంచు గడ్డను కొరికి మధ్యకు లాగుతాయి. వెనక వేగంగా తిరిగే చక్రం దాన్ని అందుకుని గొట్టం గుండా దూరంగా విసురుతుంది. 1925లో కెనడాలోని క్వెబెక్‌లో ఆర్థర్ సికార్డ్ తయారు చేసిన తొలినాటి స్నో బ్లోయర్ కూడా కొరికే భాగం వేరు, విసిరే భాగం వేరుగానే ఉండేది. ట్రక్కు మీద అమర్చిన భారీ యంత్రం అది, మన వాకిళ్లకు దిగివచ్చినది దాని చిన్న రూపం. టూ స్టేజ్‌కు చక్రాలను ఇంజనే తిప్పుతుంది, ఏటవాలు ఎక్కుతుంది, వెనక్కీ నడుస్తుంది. ఆగర్ నేలను తాకదు. రెండు పక్కలా నేల మీద జారుతూ పోయే పాదాల్లాంటి స్కిడ్ షూలను సర్దుకుంటే ఎంత ఎత్తులో నడవాలో మనమే నిర్ణయించవచ్చు. కంకర నేలైతే కాస్త పైకి లేపుకోవచ్చు. త్రీ స్టేజ్ అని ఇంకొకటి ఉంది. గడ్డలను ఇంకా నలగ్గొట్టే భాగం అదనంగా ఉంటుంది. వారం వారం అడుగుల కొద్దీ మంచు పడే చోట్లకు, పెద్ద ఆవరణలకు అది. మీ డ్రైవ్‌వేకు అక్కర్లేదు.

నా మాట ఇది. మీ వీధిలోకి ప్లౌ ట్రక్కు వచ్చేట్టయితే, ఒక్కో తుఫానుకు ఎనిమిది అంగుళాలు దాటి మంచు పడడం మామూలైతే, టూ స్టేజ్ తీసుకో. వెడల్పు 24 అంగుళాలు చాలు, రెండు కార్లు పక్కపక్కన పట్టే డ్రైవ్‌వే అయితే 26, 28. అంతకు మించి పోవద్దు. 30 అంగుళాలది తీసుకుంటే ఒకటి రెండు సాళ్లు తగ్గుతాయన్నది నిజమే కానీ, వంద కిలోలు దాటిన బరువును ప్రతి సాలు చివరా తిప్పాలి. పైగా అమ్మేవాళ్లు వెడల్పే చెబుతారు, దాని వెనక ఉన్న ఇంజను బలం చెప్పరు. ఒకే ఇంజను 24 అంగుళాల యంత్రానికీ 30 అంగుళాల యంత్రానికీ బిగించి ఉండవచ్చు. వెడల్పు పెరిగితే ఒక్కో అంగుళానికి అందే బలం తగ్గుతుంది. గోడ దగ్గర ఇరుక్కునేది ఆ వెడల్పాటిదే. 24 అంగుళాలకు 200 సీసీ దాటిన ఇంజను, 28 అంగుళాలకు 250 సీసీ చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, ఎంతో అడుగు. దుకాణంలో అతికించిన పెద్ద అక్షరాల కన్నా ఆ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

బ్యాటరీది వద్దని నేను అనను. పొగ లేదు, పెట్రోల్ నిలవ పెట్టుకునే బాధ లేదు, మీట నొక్కితే లేస్తుంది, తెల్లవారుజామున పక్కింటివాళ్ల నిద్ర కూడా అంతగా చెడదు. టూ స్టేజ్ యంత్రాలు కూడా బ్యాటరీతో వస్తున్నాయి. కానీ రెండు విషయాలు గుర్తుంచుకో. చలిలో బ్యాటరీ తన శక్తినంతా ఇవ్వదు. బరువు మంచులో ఉన్న శక్తి కూడా త్వరగా ఖర్చయిపోతుంది. అట్టపెట్టె మీద రాసిన నిమిషాలు తేలికపాటి మంచుకు చెప్పినవి, గోడకు కాదు. రెండోది, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు, పాడవుతుంది. గ్యారేజీలో యంత్రానికే వదిలేయక బ్యాటరీలు తీసి ఇంట్లోకి తెచ్చుకోవాలి. వాడబోయే ముందు వెచ్చగా ఉన్నవి తీసుకెళ్లి పెట్టుకోవాలి. ఇదంతా ఓపిగ్గా చేయగలిగితే, మీ డ్రైవ్‌వే చిన్నదై గోడ కూడా మోకాలి ఎత్తు దాటనిదైతే, నీ ఎంపికే సరైనది. తీగతో నడిచే కరెంటు యంత్రాన్ని మాత్రం మెట్ల దారికీ చిన్న వరండాకూ వదిలేయి.

పెట్రోల్‌దైతే శ్రద్ధంతా పెట్రోల్ మీదే ఉండాలి. మంచుకాలం గడిచాక లేవని యంత్రాల్లో చాలావాటికి జబ్బు కార్బురేటర్‌లో నిలిచి చెడిన పెట్రోలే. తాజాది పోయి. ఇథనాల్ పది శాతం మించనిది చూసుకో. నిలవ ఉంచేట్టయితే అది చెడకుండా స్టెబిలైజర్ అనే మందు కలుపు. కాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేదాకా నడిపించు. ఆయిల్ కంపెనీ పుస్తకంలో చెప్పినదే వాడు, చలికి సాధారణంగా 5డబ్ల్యూ-30 అంటారు. ఎలక్ట్రిక్ స్టార్టర్ ఉన్నది తీసుకో. గడ్డకట్టిన పొద్దున తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకోనక్కర్లేదు.

అలంకారాల్లో కొన్ని నిజంగా అవసరమైనవి ఉన్నాయి. హ్యాండిల్ మీది మీట నొక్కితే ఒక పక్క చక్రం ఆగి యంత్రం దానంతట అది తిరిగే ఏర్పాటు ఉంటే, ఒక్కరోజులోనే దాని విలువ తెలుస్తుంది. మంచు విసిరే గొట్టాన్ని నిలబడ్డ చోటి నుంచే తిప్పగలగాలి. గాలి మారినప్పుడు ఒంగి తిప్పే పని ఉండకూడదు. గొట్టం లోహానిదైతే మేలు. దీపం కూడా కావాలి, ఎందుకంటే మంచు తీసేది ఎప్పుడూ ఉద్యోగానికి బయలుదేరే ముందు చీకట్లోనే. చేతులు వెచ్చగా ఉంచే పిడులను విలాసం అనుకోకు, వేళ్లు మొద్దుబారితే మీట పట్టు తప్పుతుంది. పక్కల ఎంత చోటుందో కూడా చూడు. మంచు విసరడానికి ఒక్క పక్కే ఖాళీ ఉంటే, డ్రైవ్‌వే వెడల్పు దాటించి విసరగల యంత్రం కావాలి. లేకపోతే ఒకే మంచును రెండుసార్లు తీస్తావు.

షియర్ పిన్ అనే చిన్న వస్తువు గురించి విడిగా చెబుతాను. ఆగర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే మెత్తటి బోల్టు అది. మంచు కింద కట్టెముక్కో, వార్తాపత్రికల కట్టో, రాయో తగిలితే అది విరిగిపోతుంది. విరగడానికే దాన్ని చేశారు. అది విరగడం వల్ల లోపలి గేరుబాక్స్ బతుకుతుంది. యంత్రం కొన్న రోజే దాని మోడల్‌కు సరిపోయేవి నాలుగైదు అదనంగా కొని డబ్బాలో వేసి గ్యారేజీ గోడకు తగిలించు. విరిగినప్పుడు చేతికి దొరికిన గట్టి బోల్టు బిగించావా, ఈసారి బోల్టు విరగదు, గేరుబాక్స్ పగులుతుంది. ఒక బెల్టు కూడా తెచ్చి పెట్టుకో. ఈ సామాను మీకు దగ్గరలో దొరుకుతుందా, మరమ్మతు చేసేవాడు ఉన్నాడా అన్నది కొనే ముందే కనుక్కో. లేదంటే ఎంత పేరున్న కంపెనీదైనా పక్కన పెట్టు.

ఇప్పుడు చెప్పేది నువ్వూ కోడలూ ఇద్దరూ కూర్చుని చదవండి. తడిమంచులో గొట్టం తప్పకుండా మూసుకుపోతుంది. అప్పుడు చేయి లోపల పెట్టకూడదు. ఇంజను ఆపినా పెట్టకూడదు. గ్లవ్స్ తొడుక్కుని ఉన్నా పెట్టకూడదు. మంచుగడ్డ అడ్డుపడి లోపలి చక్రం ఆగినప్పుడు, బెల్టులో బిగువు అలాగే మిగిలి ఉంటుంది. గడ్డ ఊడిన క్షణంలో ఆ చక్రం ఒక్క విసురు తిరుగుతుంది. వేళ్లు పోవడానికి ఆ ఒక్క విసురు చాలు. చక్రాలను, ఆగర్‌ను నడిపే మీటలు రెండూ వదిలి, ఇంజను ఆపి, తాళం తీసి, అన్నీ నిలిచిపోయేదాకా ఆగి, యంత్రంతో పాటు ఇచ్చే కర్రతో మాత్రమే గొట్టం తోడాలి. కర్ర యంత్రానికే తగిలించి ఉంటుంది, దాన్ని ఇంకో పనికి వాడనివ్వొద్దు. హ్యాండిల్ వదలగానే ఆగర్ ఆగే ఏర్పాటు ఉంటుంది కదా, ప్రతి కదలికకూ మీట పట్టుకోవడం విసుగని దాన్ని తాడుతో కట్టేసేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఆ పని ఎవరూ చేయకూడదు. పిల్లలు కిటికీ దగ్గర నుంచే చూడాలి. పెట్రోల్ యంత్రాన్ని గ్యారేజీలో ఒక్క నిమిషమైనా నడపవద్దు, తలుపు తీసి ఉన్నా సరే. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు, అది ఇంట్లోకి పాకుతుంది. చెవులకు రక్షణ కూడా పెట్టుకో.

పాతది తక్కువకు వస్తుందని ఎవరైనా అంటే కాదనకు, కానీ అప్పటికే వేడెక్కించి ఉంచిన యంత్రాన్ని చూడవద్దు. చల్లగా ఉన్నప్పుడు నీ ముందే లేవాలి. ఆగర్ గూటి అడుగున తుప్పు, గేరుబాక్స్ కింద నూనె మరక, అరిగిన స్కిడ్ షూలు చూడు. షూలు అరిగితే మార్చుకోవచ్చు, గేరుబాక్స్ కారుతుంటే వదిలేయి.

కొనడం మాత్రం ఆలస్యం చేయకండి. మొదటి మంచు పడ్డాక దుకాణానికి వెళితే మిగిలిందే కొనాలి, కావలసింది దొరకదు. ముందుగా తెచ్చుకుంటే పొడి నేల మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, మీటలు చేతికి అలవాటు చేసుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందు డ్రైవ్‌వే అంచుల వెంట కర్రలు పాతితే, మంచు కప్పేశాక కూడా గట్టు ఎక్కడుందో తెలుస్తుంది. గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొట్టి మొదలుపెడితే తడిమంచు అంతగా పట్టుకోదు. గోడ దగ్గర తొందర వద్దు. సగం వెడల్పు మాత్రమే మంచులో ఉండేట్టు నెమ్మదిగా, పై నుంచి కిందికి పొరలు పొరలుగా తీయి. ప్లౌ వెళ్లిన కాసేపటికే తీస్తే సగం కష్టం తగ్గుతుంది, రాత్రంతా వదిలేస్తే రాయవుతుంది.

ఈ ఆదివారం ఒక టేపు తీసుకుని డ్రైవ్‌వే పొడవు, రోడ్డు దగ్గరి వెడల్పు, వాలు ఎటుంది, కార్లు లోపల పెట్టాక గ్యారేజీలో మిగిలే చోటు, తలుపు వెడల్పు కొలువు. కిందటేడు ఆ వీధిలో ప్లౌ గోడ ఎంత ఎత్తు వచ్చిందో పాతకాపులైన పొరుగువాళ్లను అడుగు. అన్నీ రాసి పంపితే, నువ్వు చూసిన మోడళ్లలో ఏది తీసుకోవాలో ఇద్దరం కలిసి తేలుద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న